పుట్టగానే బీసీజీ (టీబీ టీకా) వేయాలా, ముందు రక్తపరీక్ష చేయాలా?

రాజాం కోడలు: మా చెల్లిది మేనరికం. మొదటి బాబు నాలుగో నెలలో న్యుమోనియాతో పోయాడు. బీసీజీ వేసిన చోట పుండు మానలేదు, చంకలో గడ్డ కట్టింది. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని ‘స్కిడ్’ (SCID) అనే జబ్బేమోనని డాక్టర్లు ఆఖర్న అన్నారు. ఇప్పుడు మళ్లీ నెల తప్పింది. అమెరికాలో దీనికోసం ప్రతి బిడ్డకీ చేసే పరీక్ష మన జిల్లాల్లో ఎందుకు చేయరు?

నాగావళి నర్సు: మీ కడుపుకోత తెలుస్తోందమ్మా. కానీ అమెరికా లెక్కలోనే ఇది సుమారు 58,000 మందిలో ఒకరికి. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం ఇంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, రోజుకో మాత్రతో బిడ్డ బాగుపడతాడు. ముందు ఆ పరీక్ష ప్రతి కాన్పుకీ అందాలి. ఫలితం వచ్చేదాకా బీసీజీ ఆపమంటే మాత్రం ఒప్పుకోను. బాలింత ఏ కొండ ఊరికో వెళ్లిపోతే మళ్లీ టీకా ఎప్పుడు? పసిపిల్లల్లో మెదడుకి పాకే టీబీని అడ్డుకునేది అదే.

విజీనారం ల్యాబ్: మేడమ్, ఆ లెక్క మనకి సరిపోదు. ఇందులో చాలా రకాలు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపం వస్తేనే బయటపడతాయి. మేనరికాలున్నచోట ఆ ముప్పు ఎక్కువ. పైగా థైరాయిడ్‌కి మడమ గుచ్చి కాగితం మీద ఆరబెట్టే రక్తపు చుక్కే దీనికీ పనికొస్తుంది. టీ కణాలంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు. కొత్త టీ కణాలు తయారయ్యేటప్పుడు మిగిలే చిన్న డీఎన్ఏ వలయాలను అందులో కొలుస్తారు. అవి బాగా తక్కువుంటే అనుమానించాలి. విస్కాన్సిన్ 2008లో మొదలుపెడితే, 2018 చివరికి అమెరికా రాష్ట్రాలన్నీ చేరాయి. అక్కడ మూడున్నర నెలలలోపు ఈ జబ్బుకి చికిత్సగా మూలకణాల మార్పిడి జరిగిన పిల్లల్లో నూటికి 94 మంది బతికారు. ఇన్ఫెక్షన్ పట్టుకున్నాక చేస్తే అంత మంది దక్కరు, అందుకే తొందర.

బీసీజీ విషయంలో మీ మాటే నాదీ. ఇంగ్లండు 2021లో దాన్ని 28 రోజులకి జరిపింది, కానీ అక్కడ టీబీ తక్కువ. మనం అందరికీ ఆపకూడదు. ఇంట్లో పసిబిడ్డ ఇలా పోయాడని తెలిస్తే ఆ ఒక్క బిడ్డకి ఆపాలి.

రాజాం అక్కా, కాన్పుకి ముందే పిల్లల డాక్టరుకి ఇదంతా చెప్పండి. తేలేదాకా బీసీజీ, పోలియో చుక్కలు, రోటా చుక్కలు వద్దనండి. పుట్టగానే సీబీసీ (రక్తకణాల లెక్క) పరీక్షలో లింఫోసైట్లు (టీ కణాలు ఉండే తెల్ల కణాల రకం) చూడమనండి. మైక్రోలీటరుకి 3,000 కన్నా తక్కువుంటే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. మామూలుగా ఉన్నా అంతటితో వదలకండి, టీ కణాల పరీక్ష చేయించాల్సిందే. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఈ జబ్బు ఉంది. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షల సంస్థ), నిమ్స్ ఆసుపత్రి కలిసి ఆ విధానం కింద ఒక కేంద్రం.

నాగావళి నర్సు: మేం గత కాన్పులు రాసుకుంటాం గానీ, పోయిన బిడ్డ దేనితో పోయాడో అడగం. రేపటి నుంచి అడుగుతాను. అందరికీ పరీక్ష అంటే మాత్రం ముందు థైరాయిడే అంటాను.