నాన్నకు టీవీ హెడ్‌ఫోన్స్ కావాలి: బ్లూటూత్ సరిపోతుందా, డాక్‌తో వచ్చేవి తీసుకోవాలా?

మల్కాజ్‌గిరి_పెద్దోడు:
నాన్నకు డెబ్బై నాలుగేళ్లు. టీవీ వాల్యూమ్ ఏడాదిగా పెరుగుతూనే ఉంది, ఇప్పుడు 45 దగ్గర ఆగింది. పాప ఇంటర్ సెకండియర్, పక్క గదిలో చదువుకోవాలి, తలుపు వేసుకున్నా డిబేట్‌లో ఎవరు ఎవర్ని తిడుతున్నారో పేరుతో సహా వినిపిస్తుంది. తగ్గించమంటే తగ్గిస్తారు, పది నిమిషాల్లో మళ్లీ మొదటికే. నా బ్లూటూత్ నెక్‌బ్యాండ్ టీవీకి కలిపి ఇచ్చాను. "వాడు నోరు మూశాక మాట వస్తోందేంట్రా" అని తీసి టీపాయ్ మీద పెట్టేశారు. చూస్తే నిజమే, డబ్బింగ్ సీరియల్‌లా ఉంది. టీవీ ఆరేళ్ల కిందటిది, ఆండ్రాయిడ్. సెట్‌టాప్ బాక్స్ హెచ్‌డీఎంఐలో ఉంది. ఇంకో సంగతి, అమ్మ కూడా పక్కనే కూర్చుని చూస్తుంది, ఆవిడ చెవులు భేషుగ్గా ఉన్నాయి, కాబట్టి స్పీకర్ కూడా మోగాలి. ఏం కొనమంటారు?

గాజువాక_వైర్‌మన్:
మీ నాన్నగారు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్ అండి. మామూలు బ్లూటూత్‌లో ఎస్‌బీసీ అనే పద్ధతిలో సౌండ్‌ని కుదించి పంపిస్తారు, అది చెవికి చేరేసరికి 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా లేట్ అవుతుంది. ఐటీయూ అనే అంతర్జాతీయ టెలికాం సంస్థ 1998 సిఫార్సులో బొమ్మ కంటే సౌండ్ 125 మిల్లీసెకన్లు వెనకబడితే మనిషికి తెలిసిపోతుందని ఉంది. వార్తలు చదివేవాళ్ల మొహం దగ్గరగా చూపిస్తారు కదా, అక్కడ ఇట్టే దొరికిపోతుంది.

ఫోన్‌లో యూట్యూబ్ చూస్తే ఈ తేడా ఎందుకు రాదని అడుగుతారేమో. అక్కడ హెడ్‌ఫోన్ ఎంత లేటో ఫోన్‌కి తెలుసు, బొమ్మని కూడా ఆ మేరకు ఆపి చూపిస్తుంది. సెట్‌టాప్ బాక్స్ నుంచి వచ్చే లైవ్ బొమ్మని చాలా టీవీలు అలా ఆపవు. సెట్టింగ్స్‌లో ఆడియో డిలే అని ఒకటి కనిపిస్తుంది, దాంతో కుస్తీ పట్టకండి, అది ఎక్కువగా సౌండ్‌ని ఇంకా వెనక్కి నెట్టడానికే, ముందుకు లాగలేదు.

బ్లూటూత్‌లోనే ఆప్టెక్స్ లో లేటెన్సీ అని ఒకటుంది, 40 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది, దాంతో ఇబ్బంది లేదు. కానీ పంపేదానిలోనూ వినేదానిలోనూ రెండింట్లో ఉండాలి. ఒక్కదాంట్లో లేకపోయినా మళ్లీ ఎస్‌బీసీ లాంటి లేటు పద్ధతికే పడిపోతుంది. ఎయిర్‌పాడ్స్‌లో అయితే ఏ ఆప్టెక్సూ ఉండదు.

నా సలహా: డాక్‌తో వచ్చే రేడియో హెడ్‌ఫోన్స్. సెన్‌హైజర్ ఆర్‌ఎస్ 175, సోనీ డబ్ల్యూహెచ్-ఎల్600 లాంటివి. వీటిలో డాక్ టీవీ పక్కన కూర్చుంటుంది, ఛార్జింగూ అదే, సిగ్నల్ పంపేదీ అదే. పెదాలకీ మాటకీ తేడా తెలియదు. ధర మాత్రం మీరు అనుకున్నదానికంటే ఎక్కువే ఉండొచ్చు.

నెల్లూరు_చేపలపులుసు:
ఇంత హడావుడి దేనికన్నా, మూడున్నర ఎంఎం పిన్ను ఎక్స్‌టెన్షన్ వైరు ఐదు మీటర్లది మూడొందలకు వస్తుంది. లేటూ లేదు, ఛార్జింగూ లేదు.

డాలస్_కోడలు:
వైరు వద్దండీ, పెద్దవాళ్లు తిరిగే ఇంట్లో నేల మీద వైరంటే నాకు భయం. రాత్రి బాత్‌రూమ్‌కి లేచినప్పుడు కాలికి తగిలితే తుంటి ఎముక విరిగినంత పని. పైగా చాలా టీవీల్లో ఆ జాక్‌లో పిన్ను పెట్టగానే స్పీకర్ ఆగిపోతుంది, అప్పుడు మీ అమ్మగారికి మూకీ సినిమానే.

మా అత్తయ్యగారు, మామయ్యగారు ఇక్కడికి వచ్చినప్పుడు మేం డాక్ రకమే కొన్నాం. సౌండ్ క్వాలిటీ గురించి రివ్యూల్లో పేజీలు పేజీలు రాస్తారు గానీ, అరవై దాటినవాళ్లకి అసలు సంగతి అది కాదు. తీసి పెట్టుకుంటే మోగాలి, తిరిగి పెడితే ఛార్జ్ అవ్వాలి, అంతే. మా బ్లూటూత్ జత ఉండేటప్పుడు మావారి ఫోన్ ఇంట్లోకి రాగానే అది టీవీని వదిలేసి ఫోన్‌కి అతుక్కునేది, అత్తయ్యగారు సీరియల్ మధ్యలో "అబ్బాయ్, మాట పోయింది" అని పిలిచేవారు. డాక్ వచ్చాక ఆ పిలుపు లేదు. కొన్ని రకాల్లో తలకి పెట్టుకోగానే దానంతటదే ఆన్ అవుతుంది, అది ఉన్నదే చూడండి. జడ, కళ్లజోడు, చెవిదుద్దులు ఉన్నవాళ్లకి తల మీద బ్యాండ్ నొప్పి పుడుతుంది, వాళ్ల కోసం గడ్డం కింద వేలాడే రకం ఉంది, డాక్టర్ల స్టెతస్కోప్ ఆకారంలో. మామయ్యగారికి అది నచ్చింది, అత్తయ్యగారు పెట్టుకోనే లేదు.

వినికిడి_పరీక్ష:
ఆడియాలజిస్ట్‌గా ఒక మాట. ఏదీ కొనకముందు నాన్నగారిని ఈఎన్‌టీ దగ్గరికి తీసుకెళ్లండి. చెవిలో గులిమి గట్టిపడి అడ్డుపడటం ఈ వయసులో చాలా మామూలు, అది తీస్తేనే సగం సమస్య పోయినవాళ్లు ఉన్నారు. ఇంట్లో బడ్స్‌తో గెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. తర్వాత ఆడియోగ్రామ్ తీయించండి, అంటే ఏ శబ్దం ఎంత వినిపిస్తోందో చూపే పరీక్ష.

వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది సన్నటి శబ్దాలు. అచ్చులు గట్టిగానే వినిపిస్తాయి, స, ష, త, క లాంటివి జారిపోతాయి. అందుకే పెద్దవాళ్లు "వినపడుతోంది గానీ ఏమంటున్నాడో అర్థం కావట్లేదు" అంటారు. వాల్యూమ్ పెంచితే బేసు, వెనక మ్యూజిక్కు కూడా పెరుగుతాయి, మాట మాత్రం తేలదు. హెడ్‌ఫోన్ మేలు ఇక్కడే: గది ప్రతిధ్వని, ఫ్యాన్ చప్పుడు తగ్గి మాట నేరుగా చెవిలో పడుతుంది. కొన్నింటిలో మాటను తేల్చే మోడ్ కూడా ఉంటుంది.

వాల్యూమ్ సంగతి గుర్తుపెట్టుకోండి, పెద్దలకు వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెల్స్ దాటకూడదని డబ్ల్యూహెచ్‌వో లెక్క. రోజంతా టీవీ ముందుండేవారికి 40 గంటలు ఇట్టే అయిపోతాయి. ఒకవేళ హియరింగ్ ఎయిడ్ అవసరమని తేలితే ఆ కంపెనీలే టీవీకి తగిలించే చిన్న పెట్టెలు అమ్ముతాయి, ఫోనాక్ టీవీ కనెక్టర్ లాంటివి, అప్పుడు వేరే హెడ్‌ఫోన్స్ దండగ. అన్నట్టు సెన్‌హైజర్ వాళ్ల ఇంటి హెడ్‌ఫోన్స్ వ్యాపారం 2022లో సోనోవా అనే హియరింగ్ ఎయిడ్ కంపెనీ చేతికి వెళ్లింది, ఫోనాక్ కూడా వాళ్లదే.

మల్కాజ్‌గిరి_పెద్దోడు:
గులిమి సంగతి తట్టనే లేదు, ఈ శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్నా. డాక్ రకమైతే టీవీకి ఎక్కడ తగిలించాలి? వెనక ఆప్టికల్ అని ఒక చదరపు రంధ్రం ఉంది.

గాజువాక_వైర్‌మన్:
అదే కావాలి. చాలా టీవీల్లో ఆప్టికల్ వాడితే స్పీకర్ కూడా మోగుతుంది, సెట్టింగ్స్‌లో ఒకసారి చూసుకోండి. ఆప్టికల్ వైరు కొత్తదైతే రెండు చివర్లా పారదర్శకమైన ప్లాస్టిక్ టోపీలు ఉంటాయి, కంటికి ఆనవు, అవి తీయాలి. ఒక కొన టీవీకి పెట్టి రెండో కొన చూస్తే ఎర్రటి వెలుగు కనపడాలి. అది కనిపించినా సౌండ్ రాకపోతే టీవీ డాల్బీ అనే కుదించిన రకం సౌండ్ పంపుతోందన్నమాట, అది డాక్‌కి అర్థం కాదు. సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో అవుట్‌ని పీసీఎం (కుదించని మామూలు సౌండ్) అని మార్చండి, తొంభై శాతం కేసులు అక్కడే తేలతాయి. డాక్‌ని వైఫై రూటర్ పక్కన పెట్టకండి, రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే కొట్టుకుంటాయి.

క్రికెట్_పిచ్చోడు:
నాదో డౌట్. మ్యాచ్ యాప్‌లో చూస్తుంటే పక్కింటోళ్లు ముందే అరుస్తున్నారు, సిక్స్ మాకు తర్వాత కనిపిస్తోంది. ఇదీ హెడ్‌ఫోన్ లేటేనా?

గాజువాక_వైర్‌మన్:
కాదు బ్రో, అది స్ట్రీమింగ్ లేటు. బొమ్మా మాటా రెండూ కలిసే వెనకబడతాయి. దానికి ఏ హెడ్‌ఫోన్ కొన్నా లాభం లేదు, కిటికీ మూసుకోవడమే.

రికార్డుల_రంగారావు:
ఇంట్లో పాటలు వినేవాళ్ల తరఫున ఒక మాట. పాటకి బొమ్మ లేదు కాబట్టి లేట్ అనే బాధే లేదు, మంచి బ్లూటూత్ అయినా చాలు. నా దగ్గర పాత ఆంప్లిఫయర్, టేప్ డెక్, ఘంటసాల రికార్డులు ఉన్నాయి. డాక్‌ని ఆంప్లిఫయర్ వెనక టేప్ అవుట్‌కి తగిలించాను, అక్కడ సౌండ్ లెవెల్ వాల్యూమ్ నాబ్‌తో మారదు, కాబట్టి స్పీకర్లు సున్నాకి పెట్టి రాత్రి పన్నెండింటికి కూడా వినొచ్చు. టర్న్‌టేబుల్ నుంచి నేరుగా డాక్‌కి పెడితే మాత్రం సౌండ్ పీలగా వస్తుంది, మధ్యలో ఫోనో ప్రీఆంప్, అంటే ఆ సౌండ్‌ని పెంచే చిన్న పెట్టె ఉండాలి.

నాది పాత అనలాగ్ రకం. పాటకీ పాటకీ మధ్య మౌనం ఎక్కువసేపు ఉంటే డాక్ తనంతట తనే ఆగి చెవిలో హోరు మొదలవుతుంది, మొదటిసారి విన్నవాళ్లు ఉలిక్కిపడతారు. ఇంకో తమాషా, అనలాగ్‌లో రహస్యం లేదు, అదే రకం హెడ్‌ఫోన్ ఉన్న పక్క ఫ్లాట్ వాళ్లు ట్యూన్ చేసుకుంటే మీరు చూసేది వాళ్లూ వినొచ్చు. డిజిటల్ రకంలో ఆ గొడవ లేదు.

డాలస్_కోడలు:
బ్యాటరీ గురించి ఎవరూ చెప్పలేదు. చాలా డాక్ రకాల్లో రీఛార్జబుల్ సన్న సెల్స్ ఉంటాయి, కొన్నేళ్లకి అరిగిపోతాయి, హెడ్‌ఫోన్స్ పాడయ్యాయనుకుని కొందరు పారేస్తారు. కొత్తవి వేస్తే చాలు. కానీ టీవీ రిమోట్‌లోంచి తీసిన మామూలు సెల్స్ వేసి డాక్ మీద పెట్టకూడదు, ఛార్జ్ ఎక్కించబోతే కారతాయి, పగలొచ్చు కూడా. ఆ సంగతి కాగితం మీద రాసి డాక్ వెనక అంటించండి.

కొత్త_ఫోన్_కొత్త_గోల:
ఒక ఏడాది ఆగగలిగితే ఆరాకాస్ట్ చూడండి. 2022లో బ్లూటూత్ వాళ్లు ప్రకటించారు, ఒక టీవీ నుంచి ఎంతమందైనా ఒకేసారి వినొచ్చు, హియరింగ్ ఎయిడ్స్‌తో సహా. కొన్ని కొత్త టీవీల్లో వచ్చేసింది.

గాజువాక_వైర్‌మన్:
మంచిదే, కానీ ఆయన టీవీ ఆరేళ్లది. పాప పరీక్షలు మార్చిలో.

మల్కాజ్‌గిరి_పెద్దోడు:
అప్‌డేట్. కుడి చెవిలో గులిమి గట్టిగా ఉందట, తీశారు. రెండు చెవుల్లోనూ కొంత వినికిడి తగ్గిందన్నారు, హియరింగ్ ఎయిడ్‌కి నాన్న ఒప్పుకోలేదు, ఆరు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఈలోపు డాక్ రకం తెప్పించా, బడ్జెట్ దాటింది, పర్వాలేదు. పీసీఎం మార్చేదాకా మాట రాలేదు, వైర్‌మన్ గారికి దండాలు. అమ్మకి స్పీకర్ 14లో, నాన్నకి హెడ్‌ఫోన్. ఒకటే చిక్కు, అది పెట్టుకున్నాక కాలింగ్ బెల్ వినిపించట్లేదు, ఆయన మాట్లాడితే మాత్రం కేకలే.

వినికిడి_పరీక్ష:
చెవిని పూర్తిగా మూసే రకం తీసుకున్నట్టున్నారు. తన గొంతు తనకి సరిగా వినపడక అలా అరుస్తారు. ఒక చెవి కప్పు కాస్త వెనక్కి జరుపుకోమనండి, బాగా వినపడే చెవి వైపుది. మార్చుకునే వీలుంటే చెవిని పూర్తిగా మూయని ఓపెన్ రకం అడగండి, సౌండ్ కొంచెం బయటికి వస్తుంది గానీ పాప గది దాకా రాదు.