తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా: ఈ ప్రశ్నలోనే దోషం ఉందా?

ఒంగోలు పాఠకుడు:
మొన్న ఒక శుభకార్యంలో మా పెదనాన్నగారు "పిల్లవాణ్ణి ఇంగ్లీషు మీడియంలో వేయకపోతే కూలిపనికే పోతాడు" అని తేల్చేశారు. నేను నోరు విప్పగానే "అయితే ఇంగ్లీషే వద్దంటావా?" అన్నారు. ఉన్న దారులన్నింటినీ రెండుకు కుదించి, ఒకటి కాదన్నవాడు రెండోది ఒప్పుకున్నట్టేనని లెక్కగట్టడం తర్కదోషం కాదా?

నల్గొండ తండ్రి:
దోషమని పేరు పెట్టడం తేలికే. మా అమ్మాయిని చేర్చడానికి వెళ్లినప్పుడు దరఖాస్తులో తెలుగుకు ఒక గడి, ఇంగ్లీషుకు ఒక గడి ఉన్నాయి, మూడోది లేదు. ఉన్న రెండింటిలో ఒకటి ఎంచుకున్నవాడిని తర్కం తెలియనివాడు అంటే ఎలా?

తర్కప్రియ:
మీరు చేసింది దోషం కాదండీ. గడులు రెండే ఉండటం ఆ బడి పరిమితి. "మరో పద్ధతి అసలు సాధ్యమే కాదు" అనడం మాత్రం వాదం, దాన్ని రుజువు చేయాలి. పూర్ణసంఖ్య సరి కాకపోతే బేసే అవుతుంది కానీ, గుడ్డ తెలుపు కాకపోతే నలుపే కానక్కరలేదు. రెండు చోట్లా వాదం నడక ఒకటే, రెండోచోట "తెలుపైనా కావాలి, నలుపైనా కావాలి" అన్న మొదటి వాక్యమే తప్పు. (ఉంది, లేదు, రెండూ, రెండూ కాదు అని ఏ మాటనైనా నాలుగు వికల్పాలుగా పరీక్షించిన బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి పేరు మోస్తున్న కొండ మన నేలమీదే ఉంది!)

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ఒకటి నుంచి ఆరో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ ఇచ్చిన ఉత్తర్వులో కూడా తెలుగు ఒక సబ్జెక్టుగా మిగిలే ఉంది; 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం మాతృభాషలో బోధించాలంటూనే "ఆచరణసాధ్యమైనంత వరకు" అన్న మాట చేర్చింది. చట్టానికి కనిపించిన ఆ సందు టీవీ చర్చల్లో ఎవరికీ కనిపించలేదు. ఒకరు పేదల ద్రోహి, మరొకరు భాషాద్రోహి అయిపోయారు.

సైన్సు పంతులు:
మా తరగతి చూస్తే ఈ రెండు గడులూ నిలవవు. పుస్తకంలో ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగు. నేను ఫోటోసింథసిస్ అని బోర్డుమీద రాసి, ఆకు చూపిస్తూ తెలుగులోనే చెబుతాను, పిల్లలు ప్రశ్నలు తెలుగులోనే అడుగుతారు, జవాబు మాత్రం ఇంగ్లీషులో బట్టీపట్టి రాస్తారు. దీన్ని ఏ మీడియం అనాలి? అలాగని దీన్నే మేలైన మూడో దారి అనుకోకండి. రెండూ కలిపితే చాలు మంచిదవుతుందనుకోవడం మరో తొందరపాటు.

నల్గొండ తండ్రి:
ఇది ఒప్పుకుంటాను మాస్టారూ. మా అమ్మాయి కూడా ఆ తెలుగు పుట చదివాకే ఇంగ్లీషు పుటకు వస్తుంది.

ఒంగోలు పాఠకుడు:
అయితే పెదనాన్నగారిని ఈసారి మీడియం గురించి అడగను. పిల్లవాడికి ఇంగ్లీషు మాట్లాడటం రావాలా, ఇంగ్లీషులో సైన్సు రాయడం రావాలా అని అడుగుతాను.