ఏడీహెచ్‌డీ ఉన్న ఉద్యోగులం ఒకరికొకరు తోడుగా ఉండేందుకు బృందాన్ని ఎలా నడపాలి?

ప్రశ్న: ఆడిటర్, హైదరాబాద్

నేను ఒక ఆడిట్ సంస్థలో చార్టర్డ్ అకౌంటెంటును. ముప్పై దాటిన తర్వాతే నాకు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య) ఉన్నట్లు సైకియాట్రిస్టు నిర్ధారించారు. నెలవారీ జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బీ గడువు 20వ తేదీ అయితే, 19 రాత్రి నా అంత వేగంగా పనిచేసేవారు మా ఆఫీసులో ఉండరు. అదే పనిని 8వ తేదీన ముందేసుకుంటే ఇన్‌వాయిసుల ఫైలు తెరిచి, మధ్యలో మెయిలుకు జవాబిచ్చి, అక్కడినుంచి ఇంకో క్లయింటు లెడ్జరులోకి వెళ్లి, సాయంత్రానికి మొదటి ఫైలు తెరిచింది తెరిచినట్లే ఉంటుంది. మందులతో కొంత మేలు కనిపిస్తోంది. ఇదే సమస్య ఉన్న ఒక బ్యాంకు అధికారి, ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఒక జూనియర్ లాయరు నాకు తెలుసు. మేమంతా ఒక బృందంగా ఏర్పడాలనుకుంటున్నాం. వాట్సాప్ గ్రూపు పెడితే వారం తిరిగేసరికి గుడ్ మార్నింగ్ బొమ్మల పాలవుతుందని నా అనుమానం. హెచ్ఆర్ విభాగాల ద్వారా నడపడం మేలా, బయట నడుపుకోవడం మేలా?

సమాధానం: సాఫ్ట్‌వేర్ టెస్టర్

బయటే నడుపుకోండి. జీతం పెంపు నిర్ణయించేవారికి తెలిసే చోట ఎవరూ మనసు విప్పి మాట్లాడరు.

మా బృందం ముఖ్యంగా కబుర్లకు కాదు, పక్కపక్కన కూర్చుని పనిచేయడానికి ఏర్పడింది; దీన్నే బాడీ డబ్లింగ్ అంటారు. ఉదయం ఏడున్నరకు గూగుల్ మీట్‌లో కలుస్తాం. ఏం చేయబోతున్నామో ఒక్కొక్కరం ఒక్క వాక్యంలో చెప్పి, మైకు ఆపి, కెమెరా మాత్రం ఉంచి, యాభై నిమిషాలు పనిచేస్తాం. ‘రిపోర్టు రాస్తాను’ అంటే ఒప్పుకోం. ‘రిపోర్టులో రెండో భాగం మొదటి పేరా రాస్తాను’ అనాలి. మనకు పని తెలియక కాదు, మొదలుపెట్టడమే కష్టం కనుక, ఆ మొదలు ఎంత చిన్నదైతే అంత మంచిది. చివర్లో ఎంతవరకు వచ్చిందో చెబుతాం. పూర్తికాకపోతే ఎందుకు కాలేదని మాత్రం ఎవరూ అడగకూడదు, ఎందుకంటే బడిలో చేరిన నాటినుంచీ సంజాయిషీలు చెప్పి చెప్పి అలసిపోయినవాళ్లమే అందరం. నిర్వహణ భారం ఒక్కరి మీదే పెట్టకండి. ఆయనా మనలాంటివారే కదా, మరిచిపోతారు! లింకు మారకుండా, క్యాలెండరులో రోజూ దానంతటదే గుర్తుచేసేలా పెట్టుకోండి.

సమాధానం: క్లినికల్ సైకాలజిస్టు, విశాఖపట్నం

మందుల మోతాదుల చర్చను బృందంలోకి రానివ్వకండి. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకంపై కఠిన నియంత్రణ ఉన్నది. డాక్టరు చీటీ రెండు ప్రతుల్లో ఉండాలి, ఒకదాన్ని దుకాణం రెండేళ్లు భద్రపరచాలి. ‘నా దగ్గర మిగిలింది, తీసుకో’ అనడం గుండెకూ రక్తపోటుకూ సంబంధించిన ప్రమాదమే కాక, చట్టవిరుద్ధం కూడా.

‘నాకూ ఇలాగే ఉంటుంది’ అంటూ కొత్తవారు వస్తారు. వారికి బృందంలోనే నిర్ధారణ చేసేయకండి. నిద్రలేమి, థైరాయిడ్ సమస్య, ఆందోళన, డిప్రెషన్ కూడా పైకి ఇలాగే కనిపించవచ్చు. మానసిక సమస్యల నిర్ధారణకు వాడే డీఎస్ఎం-5 గ్రంథం ప్రకారం కొన్ని లక్షణాలైనా పన్నెండేళ్లలోపే కనిపించి ఉండాలి, అవి ఒక్క ఆఫీసులోనే కాక ఇంట్లోనో మరోచోటో కూడా ఇబ్బంది పెడుతుండాలి. ఎవరిని సంప్రదించాలో తెలియనివారికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416 ఇవ్వండి.

సమాధానం: హెచ్ఆర్ మేనేజర్, బెంగళూరు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొంటుంది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు అందులో ఉన్నాయి కానీ ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. అందువల్ల ప్రైవేటు సంస్థలో మీ విజ్ఞప్తి చట్టం కంటే పైఅధికారి మంచితనం మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. నా వృత్తివారే ఇది ఒప్పుకోకపోవచ్చు. కాబట్టి జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు, ముందు పని తీరులో మార్పు అడగండి. ఆడిటర్ గారి విషయమే తీసుకుంటే, కొనుగోళ్లపై కట్టిన పన్నులో ఎంత తగ్గించుకోవచ్చో (ఐటీసీ) చూపే జీఎస్టీఆర్-2బీ 14న వస్తుంది కనుక, 16 సాయంత్రానికి ఆ ఐటీసీ సరిచూసిన షీటు తనకు చూపాలని పార్ట్‌నరే గడువు పెట్టేలా కోరవచ్చు. అప్పుడు 20వ తేదీకి ముందే ఇంకో 20వ తేదీ వచ్చినట్లవుతుంది. నోటిమాటగా చెప్పిన పనిని మెయిలులో కూడా పంపమని అడిగితే కాదనేవారు అరుదు.

ఆడిటర్, హైదరాబాద్

అందరికీ ధన్యవాదాలు. హెచ్ఆర్ ఆలోచన మానుకున్నాం. 16వ తేదీ గడువు గురించి రేపే మా పార్ట్‌నరుతో మాట్లాడతాను. లాయరు మిత్రుడికి ఉదయం కోర్టు హడావిడి ఉంటుంది కనుక, సాయంత్రం వేళ కూడా నడిచిన బృందాలు ఉన్నాయా?

సాఫ్ట్‌వేర్ టెస్టర్

మాకూ రాత్రి తొమ్మిదికి ఇంకో విడత ఉంది. ఇద్దరే వచ్చినా నడుస్తుంది.