గట్టి కాంక్రీటుకు ఏ డైమండ్ సెగ్మెంట్లు?

ప్రశ్న: ఎపాక్సీ (రెసిన్ పూత) వేయడానికి గట్టి కాంక్రీటు ఫ్లోర్ గ్రైండ్ చేస్తున్నాను. 30 గ్రిట్ (ముతక రకం) సెగ్మెంట్లు, అంటే మెషిన్ కింద బిగించే డైమండ్ ముక్కలు, గంటలోనే అద్దంలా నున్నబడ్డాయి. జారుతున్నాయి తప్ప పట్టడం లేదు. హార్డ్ బాండ్ (డైమండ్ రేణువులను పట్టి ఉంచే లోహం గట్టిగా ఉండే రకం) అయితే ఎక్కువకాలం మన్నుతుందని అమ్మినతను చెప్పాడు. మన్నుతున్న మాట నిజమే, పనే జరగట్లేదు!

జవాబు 1: అన్నా, తేడా అక్కడే ఉంది. గట్టి కాంక్రీటుకు సాఫ్ట్ బాండ్ కావాలి. బాండ్ అరిగితేనే కొత్త డైమండ్ బయటికొస్తుంది. హార్డ్ బాండ్ ఇసుకలా రాలే మెత్తటి ఫ్లోర్‌కు. నేనూ మొదట్లో ఇలాగే ఒక సెట్టు మొత్తం పాడుచేసుకున్నా. ఇప్పుడు మోస్ కిట్‌తో (గట్టిదనం తెలుసుకునే గీత పెన్నుల సెట్టు) ఫ్లోర్ గీసి చూడకుండా మెషిన్ దించను.

జవాబు 2: పాత జిగురు ఉందా? ఉంటే డైమండ్‌కు పూసుకుపోతుంది, ముందు పీసీడీ (జిగురు గీకి తీసే డైమండ్ ముక్కలు) వాడండి. వ్యాక్యూమ్, మాస్క్ మర్చిపోకండి, అది సిలికా దుమ్ము.

ప్రశ్న అడిగినవారు: జిగురు లేదండి. కాస్త ఇసుక చల్లి తిప్పితే బాండ్ అరిగి మళ్లీ పట్టు దొరుకుతోంది. రేపు సాఫ్ట్ బాండ్ తెస్తా.