నిలబడి చేసే ఆసనాలు అమ్మ మోకాళ్ళకి తగ్గట్టు ఎలా మార్చుకోవాలి?

గోదారి గట్టు:
అందరికీ నమస్కారం అండి. మా అమ్మకి 62 ఏళ్ళు, కాస్త ఒళ్ళున్న మనిషి, రోజూ బీపీ టాబ్లెట్ వేసుకుంటుంది, కుడి మోకాలు అరిగిందని ఎక్స్‌రేలో వచ్చింది. 2025లో యోగాంధ్ర అని ఊరూరా క్లాసులు పెట్టారు కదా, జూన్ 21న విశాఖలో బీచ్ రోడ్డు మీద అంతమంది చేస్తుంటే టీవీలో చూసి అప్పట్నుంచి మా అపార్ట్‌మెంట్ డాబా మీద పొద్దున్న ఆరింటి క్లాసుకి వెళ్తోంది. నిద్ర బాగా పడుతోంది, నలుగురితో మాట్లాడుతోంది, మనిషే మారిపోయింది. అందుకే మానిపించాలని నాకు లేదు.

ఇబ్బందల్లా నిలబడి చేసేవాటితోనే. త్రికోణాసనంలో, అదే కాళ్ళు ఎడంగా పెట్టి పక్కకి వంగేదాంట్లో, చెయ్యి నేలకి తగలాల్సిందే అంటారట అక్కడ, అది తగిలించడం కోసం అమ్మ మోకాలు లోపలికి పడేసి ఒళ్ళంతా ముందుకి ఒరిగిపోతుంది, ఇంటికొచ్చాక మోకాలి లోపలివైపు నొప్పి అంటుంది. పోయిన వారం ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలో తూలి పక్కావిడ మీద పడింది, దెబ్బ తగల్లేదు గానీ విన్నాక నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. డాక్టరుగారు యోగా చేసుకోవచ్చు, మోకాలు నొప్పి పుట్టేవి వద్దు అన్నారు. ఏది వద్దో, ఏది ఎలా మార్చుకుంటే పర్లేదో తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కాకినాడ యోగా టీచర్:
అమ్మగారిని మానిపించకండి. పదకొండేళ్ళుగా నేర్పుతున్నాను, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది యాభై దాటినవాళ్ళే. చెయ్యి నేలకి తగలడం త్రికోణాసనం కాదండి. తుంటి దగ్గర వంగాలి, పక్కటెముకలు రెండువైపులా సాగాలి, ఛాతీ తెరుచుకోవాలి, ఇవి కుదిరాక చెయ్యి ఎక్కడికి అందితే అక్కడే పెట్టుకోవాలి. ముందు గోడకి వీపు పెట్టి నిలబడమనండి. కాళ్ళ మధ్య దూరం క్లాసులో పెట్టేదానికంటే ఒక జానెడు తగ్గించండి. ముందుకాలి వైపు కుర్చీ పెట్టి దాని సీటు మీద చెయ్యి ఆనించాలి. ప్లాస్టిక్ కుర్చీ మాత్రం వద్దు, టైల్స్ మీద జారిపోతుంది, బరువున్న చెక్క కుర్చీయో ఇనప కుర్చీయో గోడకి ఆనించి పెట్టండి. కుర్చీ లేకపోతే తొడ మీదో పిక్క మీదో చెయ్యి పెట్టుకోవచ్చు, మోకాలి చిప్ప మీద మాత్రం బరువు వెయ్యకూడదు. ముందు మోకాలు రెండో వేలి వైపే చూడాలి, అది లోపలికి వాలిందంటే పాదం ఒకవైపు తొడ ఒకవైపు తిరిగినట్టు, అమ్మగారి నొప్పి అక్కడే పుడుతుండొచ్చు. మెడ నొప్పి ఉంటే పైకి చూడక్కర్లేదు, ఎదురుగా చూస్తే చాలు.

వృక్షాసనం కూడా గోడ పక్కనే. ఒక చేతి వేళ్ళు గోడకి తాకించి, రెండో కాలి మునివేళ్ళు నేల మీదే ఉంచి మడమ మాత్రం నిలబడ్డ కాలి చీలమండకి ఆనిస్తే అదే వృక్షాసనం, ఆవిడ శరీరానికి సరిపోయిన వృక్షాసనం. పాదం పైకెత్తగలిగితే పిక్క మీదో తొడ మీదో పెట్టుకోవచ్చు, మోకాలి పక్కన పెట్టి నొక్కడం మాత్రం ఎవరికీ మంచిది కాదు. కుడికాలి మీద నిలబడ్డప్పుడు బరువంతా ఆ అరిగిన మోకాలి మీదే కదా, రెండు మూడు శ్వాసలు చాలు.

యోగా ఇటుక (చేతి కింద ఆసరాకి పెట్టుకునే దిమ్మ), కుర్చీ పెట్టుకుంటే చిన్నతనం అనుకుంటారు చాలామంది. వీటిని ఇంతగా వాడుకలోకి తెచ్చింది పుణే యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ గారు. చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ వచ్చి చిక్కిపోయి, 1934లో మైసూరులో బావగారు కృష్ణమాచార్య దగ్గరికి వెళ్ళి యోగా మొదలుపెట్టిన మనిషి, 95 ఏళ్ళు బతికారు. ఒళ్ళు సహకరించకపోవడమంటే ఏంటో ఆయనకి తెలుసు.

ఫిజియో వరంగల్:
టీచర్ గారు చెప్పినవన్నీ కరెక్టే, బీపీ గురించి నాలుగు మాటలు. ఆసనంలో ఊపిరి బిగబట్టొద్దు. ఉత్కటాసనం (కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు వంచేది), వీరభద్రాసనంలో (ముందుకాలు వంచి నిలబడేది) చేతులు పైకెత్తి చాలాసేపు నిలబడే బదులు నడుం మీద పెట్టుకోమనండి. పాదహస్తాసనం (ముందుకి వంగి చేతులు పాదాలకి అందించేది) నుంచి గబుక్కున లేవకూడదు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకి అక్కడే కళ్ళు తిరుగుతాయి. అసలు దాని బదులు వంటింటి గట్టు మీద రెండు చేతులూ పెట్టి, కాళ్ళు వెనక్కి జరుపుకుంటూ వీపు బల్లలా అయ్యేదాకా వంగితే సరిపోతుంది, తల కిందికి వేలాడదు. గ్లాకోమా అనే కంటి జబ్బు ఉన్నవాళ్ళకీ తల కిందికి వేలాడేవి వద్దనే చెప్తాం. ఎముకలు గుల్లబారాయేమో ఒకసారి డాక్టరుని అడిగి టెస్ట్ చేయించండి, అలాంటివాళ్ళు వీపు గుండ్రంగా చేసి వంగితే వెన్నుపూస నొక్కుకుపోవచ్చు. షుగర్ ఉండి అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళు గోడ వదలొద్దు. చేసిన మర్నాడు పొద్దున్నకి కూడా మోకాలు నొప్పిగానే ఉంటే నిన్న ఎక్కువ చేశారని లెక్క, తగ్గించుకోవాలి.

108 కిలోలు:
నేను హైదరాబాదులో ఐటీ జాబ్, బరువు పేరులోనే ఉంది. కాళ్ళు దగ్గరపెట్టి వంగమంటే పొట్ట అడ్డొచ్చి ఊపిరాడేది కాదు, ఏడాదిపాటు అది నా తప్పే అనుకున్నాను, తర్వాత ఒక మేడమ్ వచ్చి కాళ్ళు తుంటి వెడల్పున పెట్టుకోండి అన్నారు, అంతే, పొట్టకి చోటు దొరికింది, నడుము నొప్పీ పోయింది. వీరభద్రాసనం రెండో రకంలో ముందు తొడ కింద కుర్చీ పెట్టుకుంటాను, బరువు కాస్త కుర్చీ మీద పడుతుంది కాబట్టి భుజాలు, శ్వాస చూసుకోడానికి తీరిక ఉంటుంది. అమ్మగారికి చెప్పండి ఇలా చేసేవాళ్ళు చాలామంది ఉన్నారని.

డాలస్ నుంచి:
నాది వీటన్నిటికీ వ్యతిరేకం, కీళ్ళు బాగా వదులు, మోకాళ్ళు వెనక్కి వెళ్ళిపోతాయి. చెయ్యి ఈజీగా నేలకి తగిలేది, అందరూ మెచ్చుకునేవాళ్ళు, రెండేళ్ళకి మోకాలి వెనక నొప్పి మొదలైంది. ఇప్పుడు మోకాలు పిసరంత వంచి ఉంచుతున్నాను, చెయ్యి ఇటుక దగ్గరే ఆపేస్తున్నాను. కాబట్టి బాగా వంగేవాళ్ళకి కూడా ఇది అవసరమే.

గోదారి గట్టు:
అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. నిన్న సాయంత్రం హాల్లో గోడ దగ్గర చేయించాను. ముందు పూజగదిలో పీట పెట్టాం, మరీ కిందికి అయింది, డైనింగ్ కుర్చీ తెచ్చాం. సీటు మీద అరచెయ్యి ఆనించి రెండో చెయ్యి పైకెత్తింది, ఎడం పక్క చీరకుచ్చిళ్ళ పైనుంచి చంక దాకా సాగడం నాకు కనిపించింది, అమ్మ అలాగే ఉండి "ఇదేంటే, ఊపిరి ఇక్కడిదాకా వస్తోంది" అని పక్కటెముకల వైపు కళ్ళతో చూపించింది. పొద్దున్న నొప్పి లేదంది. ఒక్క అనుమానం, క్లాసులో ఇలా చేస్తానని చెప్పడానికి మొహమాటపడుతోంది, డాబా మీద ఎక్కడ నిలబడాలి, పిట్టగోడ పక్కనా?

కాకినాడ యోగా టీచర్:
పిట్టగోడ పక్కన అస్సలు వద్దండి, తూలితే దాని ఎత్తు ఆపదు. మెట్లగది గోడ ఉంటుంది కదా, అక్కడ చాప వేసుకోమనండి, నున్నటి ప్లాస్టిక్ చాప కాకుండా జారని యోగా మ్యాట్. మంచు కురిసిన రోజుల్లో నేల తుడిచాకే మొదలుపెట్టాలి. క్లాసు మొదలవక ముందే మీరు ఒకసారి వెళ్ళి "అమ్మకి బీపీ, మోకాలి నొప్పి ఉన్నాయండి, కుర్చీతో చేస్తుంది" అని చెప్పేయండి, మధ్యలో చెప్పడం ఆవిడకి కష్టం. కుర్చీ కూడా మీరే పైకి పట్టుకెళ్ళి పెట్టండి, ఆవిడని మెట్లెక్కుతూ మొయ్యనివ్వకండి.