అప్‌డేట్: బట్ట కింద దారం ఉచ్చులు పడటం ఆగింది

పాత నల్ల కుట్టు మెషిన్ మీద కాటన్ లైనింగ్ కుడుతుంటే కింది వైపు దారం ఉచ్చులుగా పడుతోందని అడిగాను కదా. బాబిన్ కేస్ (కింది దారం చుట్ట ఉండే డబ్బా) బిగించమని ఎక్కువమంది అన్నారు. దాన్ని ముట్టుకోలేదు. కింద వేలాడేది పైదారం, అంటే బిగువు తగ్గింది పైనే.

బట్టను నొక్కి పట్టే పాదం ఎత్తితేనే టెన్షన్ బిళ్లలు (పైదారాన్ని బిగించి పట్టేవి) తెరుచుకుంటాయి. దించి ఉంచి దారం ఎక్కిస్తే అది బిళ్లల మధ్యకు దిగకుండా అంచు మీదే ఆగిపోతుంది, ఇక బిగువు సరిచేసే నాబ్ ఎంత తిప్పినా దండగ. ఇక్కడైతే బిళ్లల మధ్య పీచు కూడా ఇరుక్కుంది. పాదం ఎత్తి, మడిచిన పలుచని గుడ్డ అంచుతో లాగితే వచ్చేసింది. ఇప్పుడు పాదం పైకి ఉంటే దారం జారుతోంది, దించగానే బిగుస్తోంది.

పట్టు జాకెట్ ముక్క మీద మాత్రం కింది దారం పైకి చుక్కలుగా తేలింది. నాబ్ కాస్త వదులు చేసి, 14 నంబర్ సూది తీసి సన్నని 11 పెడితే కుదిరింది. అప్పటికీ కుదరకపోతేనే బాబిన్ కేస్ స్క్రూ, అదీ పావు చుట్టుకు మించకుండా. దారంతో వేలాడదీసి చిన్నగా కుదిపితే కేస్ కొద్దిగా దిగి ఆగాలి. జర్రున జారితే వదులు, కదలకపోతే బిగువు.

బెంగళూరు చిక్‌పేటలో సూదులు కొనేవాళ్లు హెచ్‌ఏ×1 (ఇంటి మెషిన్ సూది రకం) అని అడగండి. ఫ్యాక్టరీ మెషిన్ల డీబీ×1 సూది కాడ (మెషిన్‌లో బిగించే పై భాగం) గుండ్రంగా ఉంటుంది, ఇంటి మెషిన్‌కు పనికిరాదు.