డిగ్రీ సెకండియర్ + 400 మీటర్లు, రెండూ నడుస్తలేవు, ఏం చెయ్యాలె?

నర్సంపేట_పిల్ల:
అన్నలు, అక్కలు, జర సలహా చెప్పుండ్రి. హన్మకొండల బీఎస్సీ సెకండియర్ చదువుతున్న, నయీంనగర్‌ల హాస్టల్‌ల ఉంట. 400 మీటర్లు ఉరుకుత, కాలేజీల నడుమ పెట్టే ఇంటర్ కాలేజ్ పోటీలల్ల మెడల్ వచ్చింది, ఈసారి కేయూ (కాకతీయ యూనివర్సిటీ) టీమ్‌ల పడాలని ఉంది. పొద్దుగాల ఐదున్నరకు జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం)కు పోత, వచ్చేసరికి హాస్టల్‌ల టిఫిన్ అయిపోతది, ఫస్ట్ అవరే ఫిజిక్స్, ముందు బెంచీల కూసున్నా కండ్లు మూతలు పడ్తనే ఉంటయి. మధ్యాహ్నం ల్యాబు, నాలుగు దాటినంక ఇడుస్తరు, మళ్ల గ్రౌండ్, రాత్రి రికార్డు ముందలేసుకొని అట్లనే పండుకుంట. అటెండెన్స్ 70 కాడ ఉంది. ఒక మేడమ్ అయితే "ఉరికి ఏం సాధిస్తవ్" అని అందరి ముందట అన్నది. బాపేమో ఆటలు బంద్ పెట్టి కానిస్టేబుల్‌కు ప్రిపేర్ గమ్మంటుండు. మన దిక్కు కల్లెడ ఊరి దీప్తక్క (దీప్తి జీవంజి) పారిస్ పారాలింపిక్స్‌ల కాంస్యం తెచ్చింది గదా అంటే "అందరు దీప్తిలైతరా" అంటడు. ఇడిచిపెట్టాల్నా, రెండు నడిపే దారేమన్న ఉందా?

కబడ్డీ_కాక:
చెల్లె, ముందుగాల అటెండెన్స్ సంగతి చూడు. మామూలుగ 75 శాతం ఉండాలె, 65కు 75కు నడుమ ఉంటే కండోనేషన్ (తక్కువైన అటెండెన్స్‌కు ఫీజు) కట్టుకోవచ్చు, అంతకన్న కిందికి పోతే మాత్రం సెమిస్టరే పోతది. మీట్‌కు (పోటీలకు) పోయిన రోజులకు ఓడీ (ఆన్ డ్యూటీ, అంటే వచ్చినట్టే హాజరు) ఇస్తరు గానీ రోజూ ప్రాక్టీసుకు ఎవ్వరియ్యరు, అది మనసుల పెట్టుకో. పోయేముందే పీడీ సార్ (ఆటల సార్) కాడ లెటర్ తీస్కొని, ప్రిన్సిపాల్ సంతకం పెట్టించి డిపార్ట్‌మెంట్‌ల ఇచ్చి, ఒక జిరాక్స్ నీ కాడ ఉంచుకో, వచ్చినంక ఇస్తే ఆ కాగితం ఏ టేబుల్ మీద పడి ఉంటదో దేవునికే ఎరుక.
ఇంకోటి, స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకు ఇంటర్ కాలేజ్ సర్టిఫికెట్ పనికిరాదు. యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీ ఆడితెనే ఫారం 3 (యూనివర్సిటీకి ఆడినట్టు సర్టిఫికెట్) వస్తది, మన రాష్ట్రంల సర్కారు కొలువులల్ల 2 శాతం కోటా ఉంది, అక్కడ అడిగేది అసుంటి కాగితాలే. ఈ ఇంటర్ యూనివర్సిటీ పోటీలు పెట్టేది ఏఐయూ (యూనివర్సిటీల సంఘం), వాటికి 25 ఏండ్ల దాకనే ఛాన్స్, అంటే డిగ్రీ, పీజీ చేసే ఈ నాలుగైదేండ్లే నీకున్న టైము, ఇప్పుడు ఇడిచిపెట్టి మళ్ల ఉరుకుత అంటే కుదరది.

పాత_స్ప్రింటర్:
టైమ్‌టేబుల్ కాదు తల్లీ, నీ ట్రైనింగే సక్కగ లేదనిపిస్తుంది. రెండు పూటలా రోజూ గ్రౌండ్ ఎందుకు? 400కు వారంల రెండు, మహా అయితే మూడు గట్టి సెషన్లు చాలు. మూడు వందల మీటర్లు మళ్ల మళ్ల ఉరికే రిపీట్లు ఫుల్‌గ కొట్టినంక కాళ్లు వణుకుతయి, కొందరు పక్కకు పోయి కక్కుతరు గూడ, అసుంటిదాని తర్వాత రెండు రోజులన్న ఒంటికి టైమియ్యాలె. ల్యాబ్ లేని రోజులు చూసి గట్టియి అక్కడ పెట్టు, ల్యాబ్ ఉన్ననాడు జాగింగ్, డ్రిల్స్ చేసి రూంకు పో. పరీక్షలప్పుడు గూడ మొత్తం బంద్ పెట్టకు, దూరం సగానికి తగ్గించి స్పీడు మాత్రం అట్లనే ఉంచు, రెండు మూడు వారాలకు ఫామ్ ఎక్కడికి పోదు. జేఎన్ఎస్‌ల సింథటిక్ ట్రాక్ ఉంది, 2021ల నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీ అక్కడనే జరిగింది, అసుంటి ట్రాక్ నడిచిపోయేంత దూరంల పెట్టుకొని నిద్రకండ్లతోని ఉరికితే ఏం ఫాయిద?

ఖాకీ_తమ్ముడు:
బాపుకు నా మాటగ చెప్పక్కా. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌ల ఆడోళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లల ఉరకాలె, 400 కొట్టేటోళ్లకు అది వార్మప్ లెక్క. కానీ సివిల్ పోస్టులకు గ్రౌండ్ క్వాలిఫై కావడానికే, ర్యాంకు వచ్చేది రాత పరీక్ష మీదనే, మా బ్యాచ్‌ల మస్తుగ ఉరికేటోళ్లు అరిథ్‌మెటిక్, రీజనింగ్ కాడ పోయిండ్రు. అందుకే ఆట ఇడిస్తే కొలువొస్తదన్నది ఒట్టి మాట, రాత్రిపూట గంటసేపు లెక్కలు చెయ్యి, అటు డిగ్రీకి ఇటు దానికి పనికొస్తది. బాపు భయం గూడ అర్థం చేస్కో, ఆయనకు కావాల్సింది నీ కొలువు, ఆటతోని పగేం లేదు.

బీటెక్_బాధితుడు:
అందరు ఈజీగ చెప్తుండ్రు గానీ ఓడీ లెటర్ ఇచ్చినా కొందరు సార్లు ఇంటర్నల్స్‌ల మార్కులు కోస్తరు, అది గూడ చెప్పుండ్రి. మీట్ డేట్లు, మిడ్ పరీక్షల డేట్లు ఒక్కతాననే పడ్తయి, రీ-ఎగ్జామ్ పెడ్తరా లేదా అన్నది ముందే అడిగి ఉంచుకో.

నర్సంపేట_పిల్ల:
థ్యాంక్స్ అందరికి. నాకు ల్యాబ్ మంగళ, శుక్రవారాలే, అంటే సోమ, గురువారాలు గట్టిగ పెట్టుకోవచ్చు, రేపే కోచ్ సార్‌ను అడుగుత. లెటర్ సంగతి ఇప్పటిదాక తెల్వనే తెల్వదు. ఖాకీ తమ్ముడు రాసింది బాపుకు సదివి ఇనిపిస్త, ఒప్పుకుంటడో లొల్లి పెడ్తడో చూడాలె. మరి టిఫిన్ సంగతి ఎవ్వరు చెప్పలే?

కబడ్డీ_కాక:
మెస్‌ల వండే అక్కతోని దోస్తానా చెయ్యి, ఒక ప్లేటు మూతపెట్టి ఉంచుతది. రాత్రే పల్లీలు నానబెట్టుకో, రెండు అరటిపండ్లు బ్యాగుల ఏస్కో, ఉరికి రాంగనే తిను, క్లాస్‌ల కూసున్నంక కాదు.